గనిలో లారీ తోలినవాడు రాజెలా అయ్యాడు

బెంగళూరులో ఎవరితోనైనా "ఒకాయన సొంతంగా దేశం పెట్టుకుని..." అని మొదలుపెడితే చాలు, మాట పూర్తికాకముందే నిత్యానంద ఆశ్రమం ఉన్న బిడది వైపు చెయ్యి చూపిస్తారు. 2019లో నిత్యానంద కైలాస అనే దేశం ప్రకటించడం, మరుసటి ఏడాది దానికో రిజర్వు బ్యాంకు, నాణేలు ప్రకటించడం మనవాళ్లను బాగా నవ్వించిన వార్తలు. ఫ్రాన్సిస్ ఓనా సంగతి ఎత్తినా మొదట అదే నవ్వు వస్తుంది. పసిఫిక్‌లో ఒక దీవి, దానికి తనకు తానే రాజునని చెప్పుకున్న ఒక మనిషి. కానీ ఓనా కాళ్ల కింద నిజంగానే నేల ఉండేది, చుట్టూ తుపాకులుండేవి, ప్రపంచంలోని పెద్ద రాగి గనుల్లో ఒకదాన్ని మూయించిన చరిత్ర ఉండేది. కిరీటం వచ్చింది అవన్నీ ఒక్కొక్కటిగా చేజారాక. వరస పట్టుకుంటే తప్ప ఈ కథ అర్థం కాదు, అందుకే కాస్త వెనక నుంచి వస్తాను.

ఆ దీవి పేరు బూగన్విల్. మన అపార్టుమెంట్ల గోడల మీద పాకే కాగితం పూల మొక్కకు ఏ ఫ్రెంచి నావికుడి పేరు పెట్టారో, 1768లో ఈ దీవి పక్కనుంచి పోయింది అతనే. మొక్క మాత్రం బ్రెజిల్‌ది, దీవితో దాని చుట్టరికం పేరు వరకే. నైసర్గికంగా చూస్తే బూగన్విల్ సాలమన్ దీవుల వరసలోది. 1899లో జర్మనీ, బ్రిటన్ సమోవా గొడవ తేల్చుకుంటూ మ్యాపు మీద గీతలు మార్చుకున్నప్పుడు పక్కనున్న సాలమన్ దీవులు బ్రిటన్‌కు పోయాయి, బూగన్విల్, దాని ఉత్తరపు కొసన ఉన్న బూకా జర్మన్ల కింద మిగిలాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా లాక్కుంది. 1975లో పాపువా న్యూ గినీ స్వతంత్ర దేశమైనప్పుడు ఈ దీవి కూడా దాని ఖాతాలోకే వెళ్లింది. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ సముద్రం దాటి దాదాపు వెయ్యి కిలోమీటర్లు. దీవివాళ్లకు అది అప్పుడే నచ్చలేదు. ఆ దేశం పుట్టడానికి పదిహేను రోజుల ముందు, 1975 సెప్టెంబరు 1న, ఉత్తర సాలమన్ల గణతంత్రం అని ప్రకటించేశారు. ఎవరూ గుర్తించలేదు. మరుసటి ఏడాది ప్రాంతీయ ప్రభుత్వం ఇస్తామంటే సర్దుకున్నారు. విస్తీర్ణం చూస్తే బెంగళూరు నగర జిల్లాకు నాలుగు రెట్ల పైన. జనాభా 2011 లెక్కల్లో రెండున్నర లక్షలు, అంటే ఇక్కడ ఒక్క అసెంబ్లీ నియోజకవర్గమంత.

ఇక గని. కేజీఎఫ్ తెలిసినవాళ్లకు పంగునా గనిని చెప్పడం తేలిక, రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు. కోలారులో సన్నటి బంగారు తీగను పట్టుకుని మూడు కిలోమీటర్ల లోతుకు దిగారు. పంగునాలో కొండనే పై నుంచి కొరుక్కుంటూ పోయారు. 1972లో ఉత్పత్తి మొదలై 1989లో ఆగేదాకా, 17 ఏళ్లలో, 30 లక్షల టన్నుల రాగి, దాంతోపాటు 306 టన్నుల బంగారం తీశారు. కోలారులో నూట ఇరవై ఏళ్లు తవ్వితే వచ్చిన బంగారం 800 టన్నుల పైచిలుకు. పంగునాలో బంగారం అసలు సరుకు కూడా కాదు, రాగితో పాటు వచ్చిన కొసరు.

కొసరు ఇంత వచ్చిందంటే ఎంత రాయి పగలగొట్టి ఉంటారో చూడండి. చివరి ఏళ్లలో ఖనిజంలో రాగి అర శాతం కూడా లేదు. టన్ను రాయిలో నాలుగైదు కిలోలు. మిల్లులో పొడి చేసి, నీళ్లలో కలిపి, నురగ మీద తేల్చి తీసిన చిక్కటి సరుకు టన్నుకు పదిహేను కిలోల చిల్లర. మిగిలిన 980 కిలోల పైచిలుకు బూడిదరంగు బురద. రోజుకు లక్ష టన్నులకు పైగా రాయి మిల్లులోకి పోయేది. ఆ బురదకు ఆనకట్ట కట్టలేదు, తిన్నగా కవెరాంగ్, జబా నదుల్లోకి వదిలారు. కోలారులో సైనైడ్ దిబ్బలని మనం చూసే 13 గుట్టల్లో ఉన్నది 3 కోట్ల టన్నుల పైన, గాలి వీస్తే ఊరంతా కళ్లు మండుతాయి. పంగునాలో వదిలింది 100 కోట్ల టన్నులకు పైగా, అదీ నదిలో. లోయ పూడుకుపోయింది, నది పక్కకు పొర్లి తోటలు ముంచింది, చేపలు పోయాయి.

డబ్బు సంగతి ఇంకా ఘోరం. గని నడిచిన కాలంలో పాపువా న్యూ గినీ మొత్తం ఎగుమతుల విలువలో 44 శాతం ఈ ఒక్క గొయ్యి నుంచే వచ్చింది. రాయల్టీ ఎంతంటే ఎగుమతి విలువలో 1.25 శాతం. అందులో 95 వంతులు ప్రాంతీయ ప్రభుత్వానికి, 5 వంతులు నేల హక్కుదార్లకు. లెక్క వేస్తే వెయ్యి రూపాయల సరుకు ఓడ ఎక్కితే నేల గలవాడి చేతికి 62 పైసలు. నష్టపరిహారాలు, అద్దెలు అన్నీ కలిపినా, గని పంచిపెట్టిన సొమ్ములో హక్కుదార్ల వాటా 1.4 శాతం దగ్గరే ఆగింది. పోర్ట్ మోర్స్‌బీ ప్రభుత్వానికి 60 శాతం పైన, ప్రైవేటు వాటాదార్లకు మూడో వంతు పోయింది.

ఆ 1.4 శాతం కూడా ఎవరి చేతికి వెళ్లిందన్న దగ్గరే నిప్పు రాజుకుంది. చాలామంది రాసేటప్పుడు దీన్ని దాటేసి నేరుగా పర్యావరణానికి వెళ్లిపోతారు. బూగన్విల్‌లో ఎక్కువ తెగలకు భూమి తల్లి వైపు నుంచి వస్తుంది, మంగళూరు వైపు వినిపించే అళియసంతానం లాంటి పద్ధతి. నేల ఆడవాళ్లది, దాని గురించి బయటివాళ్లతో మాట్లాడేది మేనమామలు, అన్నదమ్ములు. కంపెనీ మనుషులు వచ్చి కొన్ని కుటుంబాల పెద్దల పేర్లు రాసుకుని, చెక్కులు వాళ్ల పేరున ఇచ్చారు. 1970లలో సంతకం పెట్టినవాడి పేరు అలాగే నిలిచిపోయింది. ఆ తర్వాత పెరిగి పెద్దయిన పిల్లలకు, పుట్టుకతో నేల వాళ్లదే అయినా, రిజిస్టరులో చోటు లేదు. ట్రస్టు నిధి కూడా పాత పెద్దల చేతుల్లోనే ఉండిపోయింది. 1987లో ఈ కుర్రతరం కొత్త భూహక్కుదార్ల సంఘం పెట్టుకుంది. దానికి అధ్యక్షురాలు పర్పెట్యువా సెరేరో. కార్యదర్శి ఆమెకు వరసకు సోదరుడు, గనిలో మొదట సర్వేయరుగా చేసి తర్వాత లారీ తోలిన ఫ్రాన్సిస్ ఓనా. గని అంచునే ఉన్న గువావా అతని ఊరు. అంటే మొదటి పోరు కంపెనీ మీద కాదు, సొంత పెదనాన్నల మీద, మేనమామల మీద.

వాళ్లు అడిగిన పరిహారం 1000 కోట్ల కినాలు (కినా అంటే పాపువా న్యూ గినీ కరెన్సీ). గని 17 ఏళ్లలో అమ్మిన మొత్తం సరుకు విలువే 520 కోట్ల కినాలు. ఆ అంకె బేరానికి చెప్పింది కాదు, మూసేయండి అని చెప్పడమే. 1988 నవంబరులో న్యూజిలాండ్ నిపుణుల బృందం వచ్చి, ఊళ్లవాళ్లు చెప్పిన నష్టాల్లో చాలావాటికి గని కారణం కాదని తేల్చింది. ఓనా ఆ సమావేశం నుంచి లేచి వెళ్లిపోయాడు. కొద్ది రోజులకే గని గోదాములోంచి పేలుడు పదార్థాలు మాయమయ్యాయి, కరెంటు టవర్లు కూలడం మొదలైంది.

టవర్లే ఎందుకంటే, లోపల పనిచేసినవాడికి దేనికి ఎక్కడ ఆయువుపట్టు ఉందో తెలుసు. గనికి కరెంటు తీరాన లోలోహో నుంచి కొండలు దాటి వచ్చేది. గొయ్యి చుట్టూ కాపలా పెట్టవచ్చు, అడవిలో నిలబడ్డ టవర్లన్నిటికీ పెట్టలేరు. ఒక్క టవరు పడితే మిల్లు ఆగుతుంది. మిల్లు ఆగితే, తీరం దాకా పైపులో నీళ్లతో కలిసి పారే సరుకు అడుగున పేరుకుంటుంది. గొయ్యిలో పంపులు ఆగితే, అక్కడ పడే వానలకు నీళ్లు నిండుతాయి. బాగుచేసి కరెంటిస్తే ఇంకొకటి కూలుస్తారు. ఆరు నెలలు కూడా నిలవలేదు. 1989 మే 15న గని మూతపడింది, ఇప్పటికీ తెరుచుకోలేదు.

తర్వాతి పదేళ్లను పూర్తిగా రాస్తే అదే పుస్తకమవుతుంది. పాపువా సైన్యం వచ్చింది, ఊళ్లు తగలబెట్టింది. ఆ సైన్యంలోనే పేలుడు పదార్థాల పని నేర్చుకున్న సామ్ కౌవోనా ఓనా వైపు వచ్చి బూగన్విల్ విప్లవ సైన్యాన్ని నడిపాడు. 1990 మార్చిలో ప్రభుత్వ బలగాలు వెళ్లిపోయాయి, మే 17న ఓనా స్వాతంత్ర్యం ప్రకటించి అధ్యక్షుడయ్యాడు. ప్రభుత్వం దీవి చుట్టూ దిగ్బంధం పెట్టింది. మందులు రావు, డీజిలు రాదు. ఒక్క మలేరియాకే ఎందరో పోయారు. విప్లవ సైన్యంలోని కుర్రాళ్లు కొందరు పాత కక్షలు తీర్చుకోవడం మొదలుపెట్టారు, దాంతో దీవివాళ్లే రెండుగా చీలి ఒకర్నొకరు చంపుకున్నారు. మొత్తం మృతుల సంఖ్య 20,000 దాకా చెబుతారు. అప్పటి జనాభాలో ఎనిమిది మందికి ఒకరు. ఆ అంకె ఎక్కువంటూ వాదించేవాళ్లూ ఉన్నారు, సగానికి తగ్గించినా భరించలేనంతే.

దిగ్బంధంలో వాళ్లు బతికిన తీరు మాత్రం మన కోనసీమవాళ్లు కూర్చుని వినాల్సింది. డీజిలు లేదు, కొబ్బరి ఉంది. కాయ కోరి, నీళ్లు పోసి పిసికి పాలు తీసి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి మీగడ పైకి కడుతుంది. దాన్ని కాచి నీరంతా ఇగరగొడితే నూనె. లీటరుకు పది నుంచి పదిహేను కాయలు. దాన్నే జీపుల్లో పోసి నడిపారు. డీజిలు ఇంజనుకే పనికొస్తుంది, పెట్రోలు బండికి పనికిరాదు. కాచడంలో తొందరపడి తడి మిగిలిస్తే ఇంజెక్టర్లు తుప్పు పడతాయి, సరిగ్గా వడకట్టకపోతే ఫిల్టరు మూసుకుపోతుంది. ఇంకో చిక్కు చలి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరులో బెంగళూరులో తలనూనె సీసాను ఎండలో పెట్టే ప్రతి ఇంటికీ తెలిసిందే. బూగన్విల్ తీరంలో ఆ బెడద లేదు, అందుకే అక్కడ కుదిరింది. ఇక్కడ ఎవరైనా ప్రయత్నిస్తే జనవరిలో బండి ఉదయం పదింటిదాకా కదలదు. గనిలో వదిలేసిన పంపులు, మోటార్లు, పైపులు విప్పుకొచ్చి వాగుల మీద చిన్న చిన్న కరెంటు యంత్రాలు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను, అమెరికా సైన్యాలు వదిలిపోయిన తుపాకులు తవ్వి తీసి, తుప్పు వదిలించి వాడారు. కంపెనీ గనికి ఇంతకంటే మంచి ఉపయోగం ఎవరూ చూపించలేదు అనిపిస్తుంది.

1997లో ప్రధాని జూలియస్ చాన్ సాండ్‌లైన్ అనే కిరాయి సైనికుల కంపెనీకి 3.6 కోట్ల డాలర్లకు ఒప్పందం ఇచ్చాడు, గనిని పట్టుకోవడానికి. సొంత సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ ఎదురుతిరిగి ఆ కిరాయివాళ్లను బంధించి దేశం నుంచి పంపేశాడు. చాన్ తప్పుకున్నాడు. ఆ ఏడాదే న్యూజిలాండ్‌లోని బర్న్‌హామ్ సైనిక శిబిరంలో దీవి వర్గాలన్నీ కూర్చున్నాయి. ఓనా సహచరుడు జోసెఫ్ కబుయి వచ్చాడు, కౌవోనా వచ్చాడు. ఓనా రాలేదు.

ఓనా జీవితంలో తిరుగులేని తప్పు ఇదేనని నా లెక్క. 1998లో కాల్పుల విరమణ, 2001 ఆగస్టు 30న అరావాలో శాంతి ఒప్పందం. అందులో మూడు మెలికలు: స్వయంపాలన, ఆయుధాల అప్పగింత, స్వయంపాలక ప్రభుత్వం వచ్చిన 10 నుంచి 15 ఏళ్ల లోపు స్వాతంత్ర్యం మీద ప్రజాభిప్రాయ సేకరణ. ఆయుధాల పద్ధతి ముచ్చటైనది. మొదట తుపాకులు ఊళ్లలోని పెట్టెల్లో పెట్టి తాళం వేస్తారు. తర్వాత అవి పెద్ద కంటైనర్లలోకి పోతాయి, దానికి రెండు తాళాలు. ఒక తాళంచెవి స్థానిక కమాండరు దగ్గర, రెండోది ఐక్యరాజ్యసమితి పరిశీలకుల దగ్గర. ఇద్దరూ వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. చివరకు వాటిని ఏం చేయాలన్నది మూడో దశ. ఎవరినీ లొంగిపోయినట్టు చూపించకుండా తుపాకి చేతిలోంచి తీసే ఏర్పాటు.

ఓనా ఈ లెక్కలో చేరలేదు. మేము 1990లోనే స్వతంత్రులమయ్యాం, మళ్లీ ఎవరిని అడగాలి అన్నది అతని వాదన. తర్కంగా చూస్తే తప్పు పట్టలేం. పంగునా చుట్టూ కొండల్ని నిషేధిత ప్రాంతం చేసి, అరావా నుంచి పైకి వచ్చే దారిలో మోర్గన్ జంక్షన్ దగ్గర గేటు వేశాడు. అతని మనుషులు ఒప్పుకుంటేనే పైకి పోవాలి. రాయలసీమవాళ్లకు ఈ బొమ్మ కొత్తది కాదు: కనుమ దగ్గర ఠాణా, కొండ మీద దొర, కింద సర్కారు ఎవరిదైనా తన కొండ తనది. అచ్చం పాలెగాడు. తన నేలకు మేకముయి అని పేరు పెట్టాడు. మన మేకతో దానికి పని లేదు, స్థానిక భాషలో పవిత్ర భూమి అని అర్థం. ఆ మాట ఓనా కనిపెట్టిందీ కాదు. కొంగారా కొండల్లో డామియన్ డామెంగ్ అనే పెద్దాయన, ఎప్పటినుంచో మిషనరీలూ సర్కారూ వద్దు, మన ఆచారం చాలు అంటూ నడిపిన ఉద్యమంలోది.

గణతంత్రం అని చెప్పుకున్న మనిషి రాజు ఎందుకయ్యాడు? 2004 మేలో తనను తాను రాజునని ప్రకటించుకునే నాటికి పరిస్థితి చూడండి. దేశం అనిపించుకోవాలంటే 1933 మాంటెవీడియో ఒడంబడిక నాలుగు అడుగుతుంది: జనం, హద్దులున్న నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి. 1990లో ఓనాకు మొదటి మూడూ ఎంతో కొంత ఉన్నాయి, నాలుగోది లేదు. 2004లో మొదటి మూడూ గేటు లోపలికి కుదించుకుపోయాయి. స్వాతంత్ర్యం అనే మాట కూడా కబుయి వాళ్లు ఒప్పందంలో రాయించుకుని పట్టుకుపోయారు. మరుసటి ఏడు ఎన్నికలు వస్తున్నాయి. అధ్యక్షుడు అనే బిరుదుకు ఓటు కావాలి, ఇకపై ఆ ఓట్లు వేరేవాళ్ల పెట్టెల్లో పడతాయి. ఓటు అక్కర్లేని బిరుదు ఒకటే మిగిలింది. రాజుకు నేల, ఆచారం, పవిత్రత చాలు, ఆ మూడూ మేకముయి అన్న మాటలోనే ఉన్నాయి. కిరీటం పిచ్చి పని కాదు, అతని చేతిలో ఇక వేయడానికి మిగిలిన ముక్క అది.

కిరీటానికి బంగారు పూత పూసినవాడు మాత్రం వేరే. నోవా ముసింగు అని దీవి దక్షిణాన సివాయి ప్రాంతంవాడు. 1990ల చివర్లో పోర్ట్ మోర్స్‌బీలో యూ-విస్ట్రాక్ట్ అనే పథకం పెట్టి, పెట్టుబడికి నెలకు నూటికి నూరు ఇస్తానన్నాడు. చీటీల కంపెనీల చేతిలో దెబ్బతిన్న బెంగళూరుకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు, అయినా ఒకసారి వేసి చూడండి. నెలకు రెట్టింపు అంటే వెయ్యి రూపాయలు ఏడాదికి 40 లక్షల 96 వేలు. కొత్తవాళ్ల డబ్బు పాతవాళ్లకిస్తే మూడు నాలుగు నెలలు నడుస్తుంది, తర్వాత కొత్తవాళ్లు దొరకరు. అయినా ఉద్యోగులు, చర్చి పెద్దలు ఎగబడ్డారు, ఎందుకంటే అతను మాట్లాడింది వడ్డీ భాష కాదు, దేవుడి ఆశీర్వాదం భాష. కేంద్ర బ్యాంకు పథకాన్ని మూయించింది. ముసింగు సాలమన్ దీవులకు పోయి, అక్కణ్ణుంచి గువావా కొండెక్కి ఓనా నీడన చేరాడు.

ఇద్దరి అవసరాలూ ఎలా అతికాయో గమనించండి. బ్యాంకు నడపాలంటే సర్కారు లైసెన్సు కావాలి. సర్కారు ఇవ్వనంటే సొంత సర్కారు పెట్టుకుంటే సరి. తానే రాజ్యమైతే తనదే కేంద్ర బ్యాంకు, తనదే కరెన్సీ. డబ్బు ఎప్పుడిస్తావని అడిగిన పెట్టుబడిదారుకు చెప్పడానికి కొత్త సాకు కూడా దొరికింది: డబ్బు సిద్ధంగా ఉంది, ప్రపంచం మన రాజ్యాన్ని గుర్తించగానే విడుదలవుతుంది. ఓనాకు నేల ఉంది, డబ్బు లేదు. ముసింగుకు డబ్బు మాటలున్నాయి, నేల లేదు.

నాణెం కొట్టడం అంటే రాజ్యం చెప్పుకోవడమే అని బెంగళూరుకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ ఊరు కట్టిన కెంపేగౌడ విజయనగరానికి సామంతుడు. అడక్కుండా సొంత నాణెం వేయించినందుకు విజయనగర దొరలు ఆనెగొందిలో చెరసాల పెట్టారని స్థానిక చరిత్ర చెబుతుంది. కోట కట్టినప్పుడు లేని కోపం నాణేనికి వచ్చింది. ముసింగు తర్వాత సివాయిలోని తోనుకు మకాం మార్చి, తానే రెండో డేవిడ్ పేయి రాజునని ప్రకటించుకున్నాడు, బూగన్విల్ కినా అని నోట్లు కూడా అచ్చువేశాడు. కాపలాకు ఫిజీ మాజీ సైనికుల్ని తెచ్చుకున్నాడు. అలా దీవిలో రాజునని చెప్పుకున్నవాళ్లు ఇద్దరయ్యారు, ఒక్క దేశం కూడా ఎవరినీ గుర్తించలేదు.

2005 ఎన్నికల ముందు ఓనా ఏళ్ల తర్వాత కొండ దిగి, ఓటు వేయొద్దని జనానికి చెప్పాడు. జనం వేశారు. జూన్ 15న జోసెఫ్ కబుయి స్వయంపాలక బూగన్విల్‌కు మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేశాడు, ఒకప్పుడు ఓనా పక్కన నిలబడినవాడే. సరిగ్గా 39 రోజులకు, జూలై 24న, ఓనా తన ఊళ్లో చనిపోయాడు. మలేరియా అన్నారు. దిగ్బంధం రోజుల్లో మందుల్లేక తన జనాన్ని తీసుకుపోయిన జబ్బే.

గేటు వెంటనే తెరుచుకోలేదు. పంగునాలో వదిలేసిన ఇనుమును తుక్కు కింద అమ్ముకున్నారు. జబా ఒడ్డున బురదలో బంగారం కడిగేవాళ్లు పాదరసం చేత్తోనే కలుపుతున్నారు. 2019 చివర్లో ఒప్పందంలో రాసిన ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. స్వాతంత్ర్యానికి 1,76,928 ఓట్లు, మరింత స్వయంపాలనకు 3,043. పాపువా పార్లమెంటు ఆమోదిస్తేనే చెల్లుతుందన్న మెలిక ఉంది కనుక అది ఇంకా తెగలేదు. 2020లో అధ్యక్షుడైన ఇష్మాయిల్ తొరొవామా పాత విప్లవ సైన్యం కమాండరు. 2016లో గని కంపెనీలో ఎక్కువ వాటా ఉన్న విదేశీ సంస్థ రియో టింటో తన వాటాలు ఊరికే వదిలేసి పోయింది. దేశం నడపాలంటే ఆదాయం కావాలి, దీవిలో అంత ఆదాయం ఇవ్వగలిగింది ఒక్కటే ఉంది. 2024లో తొరొవామా ప్రభుత్వం పంగునాలో అన్వేషణ లైసెన్సును అయిదేళ్లకు పొడిగించింది. లైసెన్సు మీద ఉన్న పేరు ఓనా లారీ తోలిన రోజుల్లో జీతం చీటీ మీద ఉన్న పేరే, బూగన్విల్ కాపర్ లిమిటెడ్.